తొక్క తీసిన మాత్ర

మా అప్ప రెండు నెలల పాటు బీపీ మాత్రకి తొక్క తీసి తిన్నది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద ఆ మంట అని అడిగితే ఒక్క జవాబు చెప్పలేను. ఒక్కో రోజు ఒక్కొక్కరి మీదకి పోతుంది.

మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, అప్పకి పదహారు. నాకు తలంటి, అన్నం పెట్టి, బడికి తరిమి, చివరికి ఫార్మసీ డిప్లొమా దాకా చదివించింది ఆవిడే. తను మాత్రం బడి మొహం పెద్దగా చూడలేదు. కాశీబుగ్గలో జీడిపప్పు తయారుచేసే చోట పనికి కుదిరింది. మొదట్లో పిక్కలు కొట్టేది, తర్వాత పప్పు మీది పొట్టు ఒలిచే పనిలోకి మారింది. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఇప్పటికీ సుమ్మాదేవి దగ్గర వాళ్ళ ఊరి నుంచి పొద్దున్నే ఆటోలో వస్తుంది, సాయంత్రం ఆటోలో పోతుంది.

నేను అదే కాశీబుగ్గలో ఒక మందుల కొట్లో పనిచేస్తాను. కొట్టు నాది కాదు, గోడకి వేలాడే సర్టిఫికెట్టు మాత్రం నాది. పంతొమ్మిదేళ్ళుగా ఒకే కౌంటరు వెనక నిలబడి ఉన్నాను. చీటీ చూడకుండా మనిషి మొహం చూసి ఏ మందు అడుగుతాడో చెప్పగలనని మా ఓనరు పదిమందిలో పొగుడుతుంటాడు. ఆ పొగడ్తకి నేను కూడా కొంచెం ఉబ్బాను, అబద్ధమెందుకు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మాలో మాకు కొత్తగా చెప్పుకునేదేమీ లేదు. ఇద్దరు ఎదురుపడితే వాన పడిందా అని అడిగినంత మామూలుగా రక్తంలో క్రియాటిన్ ఎంతుందని అడుగుతారు. మా బావ ఆ జబ్బుతోనే పోయాడు. మూడేళ్ళు వారానికి రెండుసార్లు టెక్కలి తీసుకెళ్ళి డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టేవాళ్ళం. తిరిగొచ్చేటప్పుడు ఆయన ఆటోలో అప్ప భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకునేవాడు. ఆయన పోయిన ఏడాదికే అప్పకి పరీక్ష చేయిస్తే, ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటిన్ ఒకటి పాయింట్ ఎనిమిది వచ్చింది. డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, బీపీ పొద్దున్నా సాయంత్రం ఒకే తీరుగా ఉంచగలిగితే ఆవిడ ఆ మంచం దాకా పోకుండా ఏళ్ళు గడపొచ్చని చెప్పారు. ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల. అప్ప ఆ మంచం ఎక్కకూడదు.

మొదట ఇచ్చిన మాత్ర రోజుకి మూడుసార్లు వేసుకునేది. మధ్యాహ్నం మాత్ర ఎప్పుడూ మర్చిపోయేది. పప్పు ఒలిచే పని తూకం మీద ఉంటుంది, మధ్యలో లేస్తే వెనకపడిపోతారు. నేను తిట్టీ తిట్టీ అలిసిపోయి డాక్టరు గారికి చెబితే, ఆయన రోజుకి ఒక్కటే వేసుకునే మాత్రకి మార్చారు. పేగుల్లో మెల్లమెల్లగా మందు వదులుతూ ఇరవై నాలుగు గంటలూ పనిచేసే రకం. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. నేనే స్వయంగా కత్తెరతో షీటు కత్తిరించి కవర్లో వేశాను. కవరు మీద ఒకటి, సున్నా, సున్నా అని రాశాను. పొద్దున్న ఒకటి అని నోటితో కూడా చెప్పాను. అంతే చెప్పాను.

ఈ మందుల గురించి నాకు తెలియక కాదు. డిప్లొమా పరీక్షలో ఈ ప్రశ్నే వచ్చింది. మాత్ర పైన గట్టి తొడుగు ఎందుకుంటుంది, సూది మొనంత చిల్లు ఎందుకు పెడతారు, కడుపులోని నీరు లోపలికెళ్ళి మందుని ఎలా బయటికి నెడుతుంది, ఇవన్నీ బొమ్మ వేసి మరీ రెండు పేజీలు ఇంగ్లీషులో రాశాను. మంచి మార్కులే వచ్చాయి. నన్ను చదివించిన మనిషికి మాత్రం తెలుగులో రెండు మాటలు చెప్పడానికి నోరు రాలేదు.

కొత్త మాత్ర మొదలుపెట్టిన పది రోజుల వరకూ అంతా బాగుంది. తర్వాత బీపీ పెరగడం మొదలైంది. ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి మిషను పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళేవాణ్ణి. నేను వెళ్ళేది సాయంత్రం పూట. ఎప్పుడు చూసినా నూట డెబ్భైకి తగ్గేది కాదు. పైగా పొద్దున్న పనిలో కూర్చున్నాక మొహం ఎర్రబడి వేడెక్కిపోతోందని, గుండె దడదడలాడుతోందని, తల బద్దలవుతోందని చెప్పేది. నేను ఆ మాట సగమే విన్నాను. ఎండ అన్నాను. ఆవిడా ఎండేనంది. రావివలసలో ఎండల మల్లన్న నెత్తి మీద కప్పు లేకుండానే ఉన్నాడు, నాకేటవుతాది అని నవ్వేసింది.

నాకు నవ్వు రాలేదు. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా చూశాను. ఉట్టి మీది ఎండుచేపల గిన్నె దించి పెరట్లో పారబోశాను. ఆవకాయ జాడీ పట్టుకొచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. ఖాళీ షీట్లు చూపించమన్నాను. సరిగ్గా ఎన్ని రోజులైతే అన్ని మాత్రలు ఖాళీ అయ్యాయి. అయినా నమ్మకుండా, మాత్ర తీసి పారేస్తున్నావా అని అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూసి, ఎందుకు పారేత్తానురా, నీ చేత్తో ఇచ్చినవి, అంది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ఇంకా ఏదో చెప్పాలనుకుని మింగేసినట్టు అనిపించింది గాని, నేను ఉప్పు గురించి మాట్లాడుతూనే ఉన్నాను.

మధ్యలో ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ మా కొట్టుకి వచ్చింది. పని మానుకుని రావడం ఆవిడ అలవాటు కాదు. నేను పనిలో ఉన్నాను. కాసేపయ్యాక తలెత్తి చూస్తే ఆవిడ లేదు, కౌంటరు చివర పనసతొనల కవరు ఉంది. తొనలు ఇవ్వడానికి వచ్చిందనుకున్నాను. అందరం తిన్నాం, తియ్యగా ఉన్నాయి.

ఆ తర్వాతి వారం నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, మాత్ర క్రమం తప్పకుండా వేస్తున్నాం సార్, బీపీ దిగడం లేదు, డోసు చాలడం లేదేమో అన్నాను. మందుల కొట్టువాణ్ణి, పైగా తమ్ముణ్ణి, నా మాట ఆయన ఎందుకు కాదంటారు. డోసు రెట్టింపు చేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఆ రోకలి ఎత్తింది నేనే.

మూడో రోజు పొద్దున్న పదిన్నరకి ఫోనొచ్చింది. అప్ప పప్పు ఒలుస్తూ ఒలుస్తూ పక్కకి ఒరిగిపోయిందట. బండి మీద వెళ్ళేసరికి సిమెంటు నేల మీద పడుకోబెట్టి ఉంది. ఆడవాళ్ళు చుట్టూ చేరి అట్టముక్కలతో విసురుతున్నారు. చేతి వేళ్ళ మధ్య ఇంకా పొట్టు అంటుకుని ఉంది. కొట్లో నుంచి తెచ్చిన మిషను కడితే పైది ఎనభై కూడా చూపించలేదు. సాయంత్రాలు నూట డెబ్భై ఉండే మనిషికి పొద్దున్న ఎనభై ఏమిటో నాకు తలకెక్కలేదు.

ఆటోలో పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైను పెట్టించాం. తోడుగా వచ్చినావిడ అప్ప పక్కనే కూర్చుని పప్పు ఒలిచే మనిషి, పాతికేళ్ళ స్నేహం. నేను వరండాలో తల పట్టుకుని కూర్చుంటే నా పక్కకొచ్చి, నన్ను ఓదార్చడానికే అనుకుంటాను, మెల్లగా అంది.

"తొక్క తీసి మరీ తింటంది కదా బాబూ, మరింకెందుకిలగైపోనాదో."

దేని తొక్క అని అడిగాను.

"అదే, మాత్ర తొక్క. మా అందరికీ సూపించింది కూడాను."

అప్పుడు తెలిసింది నాకు. రోజూ పొద్దున్న పనికి కూర్చునే ముందు, పప్పు పొట్టు తీసే చిన్న కత్తితో, ముప్పై ఏళ్ళ పనితనంతో, మా అప్ప ఆ మాత్ర గట్టి తొడుగు చెక్కేసి, లోపలిది నలిపి నీళ్ళలో కలుపుకుని తాగుతోంది. రోజంతా కొద్దికొద్దిగా దిగాల్సిన మందు ఒక్క గంటలో దిగిపోతోంది. పొద్దున్న బీపీ పాతాళానికి, మందు అయిపోయాక సాయంత్రానికి ఆకాశానికి. నేను చూసింది సాయంత్రాలు మాత్రమే.

కోపం నషాళానికంటింది. సెలైను ఎక్కుతున్న మనిషి అని కూడా చూడకుండా వెళ్ళి అరిచాను. ఎవరు చెప్పారు నీకు తొక్క తియ్యమని? మాత్రకి తొక్కేమిటి, ఏమైనా జీడిపిక్కా? పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. అప్ప కళ్ళు మూసుకుని అంతా విన్నది. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు కళ్ళు తెరిచింది.

"అరగడం లేదురా," అంది. "మింగినది మింగినట్టే వొచ్చీసింది. దొడ్డికెల్లినప్పుడు సూసేను. ఓ దినం కాదు, మూడు దినాలు సూసేను."

విషయం అర్థమయ్యాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ రకం మాత్రల్లో మందంతా వదిలేశాక పైతొడుగు కరగదు, ఖాళీగా మలంలో బయటికొచ్చేస్తుంది. చూడ్డానికి నిండు మాత్రలాగే ఉంటుంది. అది తప్పు కాదు, అది దాని తీరు. ఈ సంగతి కూడా నా రెండు పేజీల జవాబులో ఉంది. కొన్ని కంపెనీలు అట్టపెట్టె లోపలి కాగితంలో రాస్తాయి కూడా. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, అట్టపెట్టె మా దగ్గరే ఉండిపోతుంది, అప్పలాంటివాళ్ళకి వెళ్ళేది కత్తిరించిన షీటు ముక్క.

ఆవిడ వైపు నుంచి ఆలోచిస్తే ఆవిడ లెక్క తప్పు కాదు. జీడిపిక్క పెంకు నోట్లో పెట్టుకుంటే మూతి పొక్కుతుంది. పెంకు తియ్యాలి, పొట్టు తియ్యాలి, అప్పుడుగాని పప్పు మనిషి నోటికి పనికిరాదు. చేతులు పొక్కించుకుని నేర్చుకున్న చదువు అది. పెంకుతో మింగిన మాత్ర అరక్కుండా బయటికొచ్చిందంటే పెంకు ఒలవాలని ఆవిడ అనుకోక ఇంకేమనుకుంటుంది?

ఆ పూటంతా మంచం పక్కన కూర్చుని చెప్పాను. పొర అన్నాను, ఒత్తిడి అన్నాను, స్లో రిలీజ్ అన్నాను. కాగితం మీద బొమ్మ కూడా వేశాను. ఆవిడ బుద్ధిగా విని, అంతా అయ్యాక, కరక్కపోతే మందెలగవుతాదిరా అని అడిగింది. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. మళ్ళీ అదే ప్రశ్న. మూడోసారి నా గొంతు పెరిగింది. పైన చిల్లుంటుంది, అందులోంచి రోజంతా కొంచెం కొంచెం కారుతుంది, అది కూడా తెలీదా అని కసిరాను. ఆవిడ కాసేపు పైన తిరుగుతున్న ఫ్యాను చూసింది.

"సిల్లుకుండలాగేటి?" అంది.

తుపానుకి మా కొబ్బరిచెట్లు కూలిపోయాక మళ్ళీ మొక్కలు నాటినప్పుడు, ప్రతి మొక్క పక్కనా అడుగున చిల్లు పెట్టిన కుండ ఒకటి పాతిపెట్టాం. చిల్లులో గుడ్డపేలిక కూరి, పొద్దున్న కుండ నింపితే మర్నాటి దాకా మొక్క వేరుకి తడి అందేది. బావా, అప్పా, నేనూ ముగ్గురం ఆ ఎండాకాలమంతా బిందెలు మోశాం. ఆ కుండ నాకూ తెలుసు. అది నా నోటికి రాలేదు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో రాలేదు.

అదే, చిల్లుకుండే, అన్నాను.

"మరైతే బయటికొచ్చింది ఉత్తి కుండేనా? నీళ్ళన్నీ మొక్కకి పోనాకే వొచ్చిందా?"

అవునన్నాను. రోజుకో కుండ బద్దలుకొట్టీసినాను కదరా, అంది. నాకు ఇంకా తిట్టాలనే ఉంది. తిట్టలేకపోయాను.

అంతటితో అయిపోతే బాగుండేది. స్నేహితురాలి మాట నా చెవిలో తిరుగుతూనే ఉంది. మా అందరికీ సూపించింది అంది కదా. నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళకి వాళ్ళ పనిచోటుకి వెళ్ళి అడిగాను. ఇద్దరు షుగరు మాత్రకి అలాగే తొక్క తీసి తింటున్నారు. ఒకావిడ ఎందుకైనా మంచిదని కొరికి నమిలి మింగుతోంది. ఇంకొకావిడ గొట్టం మాత్ర విప్పి, ప్లాస్టిక్కు కడుపులోకి ఎందుకని గొట్టం పారేసి, లోపలి గుళికలు చెంచాతో నూరి మజ్జిగలో కలుపుకుంటోంది. ఆ మందుల్లో సగం నా చేత్తో ఇచ్చినవే. అందరి కవర్ల మీదా నా గీతలే ఉన్నాయి.

వాళ్ళకి చిల్లుకుండ కథ చెప్పాను. అయిదు నిమిషాలు పట్టింది. ఒక్కరు కూడా రెండోసారి అడగలేదు. అన్ని మాత్రలూ అలాంటివి కావు, కొన్ని విరవొచ్చు, కొన్ని విరవకూడదు, ఏది చేసినా అడిగి చెయ్యండి అన్నాను. గొట్టం విప్పే ఆవిడ అన్నం ముద్ద పక్కనపెట్టి, ఎవుల్ని అడగాల బాబూ అంది. నన్నే అన్నాను. సరేనని తలూపింది గాని, ఆ ఊపులో నమ్మకం ఏమీ కనపడలేదు.

నెల తర్వాత రక్తపరీక్షకి అప్పని బండి మీద టెక్కలి తీసుకెళ్ళాను. అప్పటికి డాక్టరు గారు డోసు మళ్ళీ పాతదానికే తగ్గించారు, బీపీ రెండు పూటలా చూస్తున్నాను, ఒకే తీరుగా ఉంది. ఆ ధైర్యంతో వెళ్ళాను. కాగితం చేతికొచ్చింది. రెండు పాయింట్ నాలుగు. మాకు ఈ అంకెల సంగతి బాగా తెలుసు. పైకి ఎక్కినది కిందికి రావడం మా ఊళ్ళలో అరుదు. డాక్టరు గారు చాలాసేపు చూసి, ఇందులో జబ్బు ఎంత పెంచిందో, ఆ రెండు నెలల ఎగుడుదిగుడు ఎంత పెంచిందో తాను విడదీసి చెప్పలేనన్నారు. ఇక నుంచి జాగ్రత్తగా ఉంటే ఇక్కడైనా నిలబెట్టొచ్చన్నారు. అప్ప ఆయనకి దండం పెట్టి బయటికొచ్చింది. బావ పడుకున్న గది వైపు ఒకసారి చూసి, నడుద్దాం పద, అంది.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా నేను సణుగుతూనే ఉన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తెలుసు, అయినా నోరు ఆగలేదు. ఒక్క మాట, ఒక్క మాట అడిగుంటే సరిపోయేది కదా. సిగ్గా? తమ్ముడి దగ్గర సిగ్గేమిటి? లోకంలో అందరికీ మందులు చెప్పేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, కత్తి పట్టుకుని చెక్కుకుంటావా? పలాస వంతెన దగ్గర గేదెలు అడ్డమొస్తే బండి ఆపాను. అప్పుడు అప్ప వెనక నుంచి అంది, కోపంగా కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టు.

"అడగలేదని అనకురా. అడుగుదామనే కొట్టుకాడకొచ్చేను. పనసతొనలు ఉత్తి వొంక."

గేదెలు పోయాయి. వెనక బండివాడు హారన్ కొడుతున్నాడు. నాకు ఆ మధ్యాహ్నం మొత్తం గుర్తొచ్చింది. కౌంటరు ముందు ఐదారుగురు ఉన్నారు. ఆవిడ వాళ్ళ వెనక కవరు పట్టుకుని నిలబడి, అందరూ ఉన్నారని గొంతు తగ్గించి, తమ్ముడా, మాత్ర సంగతి ఓ మాట, అంది. నేను షీటు కత్తిరిస్తున్నాను. తలెత్తలేదు. తలెత్తకుండానే అన్నాను, అప్పా, కాస్త పక్కకి జరుగు, ముందు వీళ్ళని పంపించనీ అని.